వేలంపాట పాడిన అమ్మమ్మలు

కాలిఫోర్నియాలో మా అమ్మాయి ఉంటున్న ఊళ్లో ఆదివారం పొద్దున రైతుల సంత జరుగుతుంది. ఆ సంత వీధి చివర, రెండు దారులు కలిసే మూల మీద, పోయిన వేసవిలో నేను మూడు ఆదివారాలు నిలబడి చూసిన ఒక వీధి ప్రదర్శన గురించి ఇక్కడ రాస్తున్నాను. ఆడినవాళ్లు పదకొండు మంది, అందరూ ఆడవాళ్లే. వాళ్లలో చిన్నావిడకు 62 ఏళ్లు, పెద్దావిడకు 88. టికెట్టు లేదు, తెర లేదు, నిలబడడానికి ఎత్తయిన అరుగు కూడా లేదు. ఆరు నెలలకని పిల్లల దగ్గరికి వచ్చి, గడప దాటాలంటే ఎవరు కారు తీస్తారా అని ఎదురుచూస్తూ రోజులు గడిపే మన అమ్మమ్మలూ నానమ్మలూ ఈ దేశంలో ఎంతమంది ఉన్నారో నాకు నాలుగు ప్రయాణాల్లో తెలిసివచ్చింది. వాళ్లు ఈ ప్రదర్శన చూడాలనీ, తీసుకువెళ్లే పిల్లలు వాళ్లను అక్కడ దించి వెళ్లిపోకుండా పక్కన నిలబడి తామూ చూడాలనీ కోరుకుంటున్నాను.

నేను చూసిన బృందం పేరు రాయడం లేదు. ఇందులో నాకు నచ్చని సంగతులు కూడా కొన్ని ఉన్నాయి. ఆ పెద్దవాళ్లు సొంత ఖర్చుతో, సొంత ఓపికతో చేస్తున్న పనికి ఊరూ పేరూ పెట్టి వంకలు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. అయితే వాళ్లు నడుస్తున్న దారికి పేరుంది. దానిని రేజింగ్ గ్రానీస్ అంటారు, అంటే కోపంతో రగిలిపోతున్న అమ్మమ్మలు. మీ ఊరి పేరుతో కలిపి ఆ మాట వెతికితే దగ్గర్లో అలాంటి బృందం ఏదైనా ఉంటే దొరుకుతుంది.

ఈ దారి మొదలైంది అమెరికాలో కాదు, కెనడాలో. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు రాజధాని విక్టోరియా దగ్గరి జలాల్లోకి అమెరికా అణు నౌకలు వచ్చిపోతూ ఉంటే కలవరపడిన కొందరు స్త్రీలు, ఎక్కువమంది యాభైలు అరవైల వయసులో ఉన్నవాళ్లు, 1987లో దీనికి రూపం ఇచ్చారు. అంతకుముందు వాళ్లు అక్కడి శాంతి సంఘంలోనే పనిచేశారు; ఆడవాళ్లమనీ వయసు మీరినవాళ్లమనీ సాటి కార్యకర్తలే తమ మాటను పక్కన పెట్టడం వాళ్లను విసిగించింది. మొదట్లో తెల్ల కోట్లు తొడుక్కుని, రేడియోధార్మికతను కొలిచే పరికరాలన్నట్టు ఏవో చేతబట్టుకుని, జనం తిరిగే చోట నిలిచిన నీళ్లను పరీక్షిస్తున్న వేషం కట్టారు. తర్వాత 1987 ఫిబ్రవరి 14న, ప్రేమికుల రోజు అని అందరూ గులాబీలు పంచుకునే నాడు, పార్లమెంటు రక్షణ కమిటీకి అధ్యక్షుడుగా ఉన్న తమ ప్రాంతపు సభ్యుడి దగ్గరికి పగిలిన గుండె బొమ్మను కానుకగా తీసుకువెళ్లి, చిల్లుల గొడుగు పట్టుకుని పాటలు పాడారు. అణ్వస్త్రాలు దేశానికి గొడుగులాంటివని అప్పటి నాయకులు చెప్పే మాటకు అది జవాబు. ఆ గొడుగు గురించి చదివినప్పుడు నాకు తోచింది ఒకటే: గంటసేపు ఉపన్యాసం చెప్పినా ఎక్కని విషయం ఆ చిల్లుల్లోంచి కనిపించే ఆకాశం చెబుతుంది.

యురేనియం గనుల మీద విచారణ జరిగినప్పుడు వాళ్లు చేసిన పని కూడా చెప్పాలి. ఇంగ్లీషులో విచారణకు ఇచ్చే వాదపత్రాన్నీ ఆడవాళ్ల లోదుస్తులనూ ఒకే మాటతో, బ్రీఫ్స్ అని, పిలుస్తారు. ప్రజలు తమ బ్రీఫ్స్ సమర్పించవచ్చని పిలుపు వచ్చింది కనుక, ఈ పెద్దవాళ్లు లోదుస్తులు తగిలించిన దండెం ఒకటి పట్టుకుని విచారణకు వెళ్లారు. మొదటిసారి విన్నప్పుడు నేను కొంచెం ఇబ్బంది పడ్డ మాట నిజం. తర్వాత ఆలోచిస్తే, ఇల్లంతటి బట్టలూ ఉతికి ఆరేసిన చేతులు ఆ దండేన్ని పట్టుకుని పాలకుల ముందుకు వెళ్లడంలో ఇబ్బంది పడవలసినవాళ్లు ఎవరో అర్థమైంది.

వేషం గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ ప్రదర్శనలో సగం బలం అక్కడే ఉంది. పూలు కుట్టిన పెద్ద పెద్ద టోపీలు, భుజాల మీద అల్లిన శాలువలు, వంటింటి ఏప్రన్లు, మెడలో పూసలు. ముసలావిడ అనగానే ఆ దేశంలో పిల్లల బొమ్మల పుస్తకాల్లో కనిపించే రూపం ఏదో, దానిని రెండింతలు చేసి తొడుక్కుంటారు. చూసినవాళ్లకు మొదట నవ్వు వస్తుంది, ముద్దు కూడా వస్తుంది. ఫోను తీసి బొమ్మ తీసుకోవడానికి దగ్గరికి వస్తారు. దగ్గరికి వచ్చాక వినిపించే పాట మందుల ధరల గురించి, తుపాకుల గురించి, ఇంటద్దెల గురించి ఉంటుంది. అప్పటికి వెనక్కి వెళ్లడం కష్టం. వయసు మీరిన స్త్రీని లోకం రెండు విధాలుగానే చూస్తుంది: ముద్దుగా చూస్తుంది, లేదా అసలు చూడదు. ఈ టోపీలు ఆ రెండింటినీ ఎదురు తిప్పి వాడుకుంటాయి.

నా సంగతి ఒకటి చెప్పకుండా ఇది చెప్పలేను. నెల్లూరు జిల్లాలో ముప్పై ఏళ్లు పంతులమ్మగా పనిచేశాను. బడి పని పక్కన, మా చుట్టాలందరిలో వియ్యాలవారి పాటలు పాడేదాన్నని నాకు పేరుండేది. పెళ్లి భోజనాల దగ్గర మగపెళ్లివారిని దెప్పుతూ పాడడానికి, నన్ను రెండు రోజుల ముందే పనిగట్టుకుని పిలిపించుకునేవారు. ఆరేళ్ల కిందట మా వారు పోయాక పెళ్లిపిలుపులు వస్తున్నాయి కానీ పాడమని అడిగేవాళ్లు లేరు. ఎవరూ వద్దని అనలేదు. అడగడం మానేశారు, అంతే. రంగు చీర కట్టుకోవాలా వద్దా, పసుపు కుంకుమల పళ్లెం నా ముందుకు వచ్చినప్పుడు చెయ్యి చాపాలా ముడుచుకోవాలా అని ఇంకా తేల్చుకోలేని మనిషిని, ఆ మూల మీద 88 ఏళ్ల ఆవిడ ఎర్రటి మందారాల టోపీ పెట్టుకుని గొంతెత్తడం చూసి, మొదటి ఆదివారం కూరగాయల సంచీ కింద పెట్టడం కూడా మరిచిపోయి నిలబడ్డాను.

ప్రదర్శన సుమారు నలభై నిమిషాలు సాగుతుంది. ఏడు పాటలు, మధ్యలో రెండు చిన్న నాటికలు. మూడు వారాల్లో పాటలు కొన్ని మారాయి కానీ నాటికలు మారలేదు. రెండింటిలో ఒకటి నేను ఇన్నేళ్లలో చూసిన వీధి నాటకాలన్నింటిలోకీ మేలైనవాటిలో చేరుతుంది. రెండోది బలహీనం.

మేలైనది ఇన్సులిన్ వేలం. ఒకావిడ మూకుడు ఒక చేత్తో, గరిటె ఒక చేత్తో పట్టుకుని వేలం వేసే మనిషిగా నిలబడుతుంది. 88 ఏళ్ల పెద్దావిడ ఎర్ర మఖమలు నగలపెట్టె ఒకటి తెచ్చి తెరుస్తుంది. లోపల హారం ఉంటుందని మనం మెడలు సాచి చూస్తే, చిన్న గాజు సీసా. మొదటి పాట ఒక్క డాలరు. అది ఊరికే పెట్టిన అంకె కాదు. ఇన్సులిన్ పేటెంటును కనిపెట్టినవాళ్లు 1923లో టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరుకు రాసిచ్చేశారు. ఆ సంగతి వేలం వేసే ఆవిడ రెండు వాక్యాల్లో చెప్పి గరిటెతో మూకుడు మీద కొడుతుంది. అక్కడి నుంచి ధర ఎక్కుతుంది. ఒకావిడ మందుల కంపెనీ, ఒకావిడ బీమా కంపెనీ, ఒకావిడ వాళ్లిద్దరి మధ్యా తిరిగే దళారి. వాళ్లకు ఎదురుగా, బడిసంచీ తగిలించుకున్న పదేళ్ల పిల్లవాడి వేషంలో డెబ్బై దాటిన ఒకావిడ. పాట పెరిగినప్పుడల్లా ఆ పిల్లవాడు సంచీలోంచి ఒక వస్తువు తీసి నేల మీద పెడతాడు: రంగు పెన్సిళ్లు, బంతి, మధ్యాహ్నం తినే డబ్బా, చివరికి కాళ్లకున్న బూట్లు. ఒకటోసారి, రెండోసారి అని గరిటె మోగుతుంది. మూడోసారికి గరిటె గాలిలో ఆగిపోతుంది.

అప్పుడు పెద్దావిడ పెట్టె మూసి, చంకలో పెట్టుకుని, చేతికర్ర ఊతంగా పిల్లవాడి దగ్గరికి బయలుదేరుతుంది. మధ్య దూరం పది పన్నెండు అడుగులు ఉంటుంది. ఆవిడకు రెండు నిమిషాలు పడుతుంది. ఎవరూ చెయ్యి అందించరు, ఎవరూ పాడరు. సంతలో బేరాల గోల వెనక వినిపిస్తూనే ఉంటుంది కానీ ఆ మూల మీద నిలబడ్డవాళ్లలో ఎవరి నోటా మాట రాదు. ఏ అడుగు దగ్గర ఆవిడ తూలుతుందోనని మనం చేతులు సగం చాచి చూస్తూ ఉంటాం. మందు అందాల్సిన చోటికి అందడానికి ఎంతసేపు పడుతోందో, ఆ ఆలస్యం ఒంటికి ఎలా ఉంటుందో ఆ నడక మనచేత అనుభవింపజేస్తుంది. పాతికేళ్ల నటి ఎంత సాధన చేసినా ఆ నడక నడవలేదు, నడిచినా అది నటన అని మనకు తెలుస్తూనే ఉంటుంది. ఇక్కడ మోకాలి నొప్పి నిజం, తూలడం నిజం, పడితే ఎముక విరుగుతుందన్న భయం నిజం. ముసలి ఒళ్లు రంగస్థలానికి పనికిరాదని అనుకునేవాళ్లు ఆ రెండు నిమిషాలు చూడాలి.

మరొక సంగతి. 65 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ బీమా కింద ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్లకు మించి కట్టనక్కరలేదన్న ఏర్పాటు 2023 నుంచి ఆ దేశంలో ఉంది. అంటే ఆ పదకొండు మందిలో చాలామందికి ఈ బాధ తప్పిపోయింది. అందుకే నాటికలో రోగి పిల్లవాడు. తమకు దొరికింది తమ తర్వాతివాళ్లకు దొరకలేదని నిలదీసే అమ్మమ్మల కథ అది.

మనం దీనిని వేలంపాట అంటాం. ధర పెంచే కేకకు మన భాష పాట అని పేరు పెట్టింది. గరిటె మోగిన ప్రతిసారీ నాకు ఆ మాటే చెవిలో తిరిగింది, ఎందుకంటే ఇంకొక వేలంపాటను ముసలివాళ్లు ఆపగా నేను దగ్గరి నుంచి చూశాను. అక్షరాస్యతా ఉద్యమం రోజుల్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రి బడులు నడిచాయి, కళాజాతలు ఊరూరా తిరిగాయి. పంతులమ్మలం కనుక మాకూ అందులో పని ఉండేది. సీతమ్మ కథ అనే పాఠం చదివినప్పుడు చదువు నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలు వదిలి సారా గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి సారా అంగడి మూయించారు. వాళ్ల కథ ఆడవాళ్లు ఏకమైతే అన్న పేరుతో పాఠమై మళ్లీ రాత్రి బడుల్లోకి వచ్చింది, దానిని చదివిన ఊళ్లు తామూ లేచాయి. సారా అమ్మే హక్కు కోసం ప్రభుత్వం జరిపే వేలంపాటల రోజున ఆడవాళ్లు వేలాదిగా తరలిరావడంతో జిల్లాలో వేలాలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. నేను పనిచేసిన ఊళ్లో సారా బండి వస్తే మొదటి వరసలో ముసలివాళ్లు నిలబడేవారు. పోలీసులు వాళ్ల మీద చెయ్యి వేయడానికి జంకుతారని వాళ్లకు తెలుసు. ఎండలో కూర్చోవలసి వస్తే దంపుళ్ల పాట బాణీలోనే సారా కాంట్రాక్టరును తిట్టిపోసేవారు. దాన్ని నాటకమని మేమెవరం అనుకోలేదు. కాలిఫోర్నియాలో ఆ మూల మీద నిలబడ్డాక గాని, నేను ముప్పై ఏళ్ల కిందట చూసింది కూడా నాటకమేనని నాకు తట్టలేదు.

పాటల విషయానికి వస్తే, ఈ బృందాలన్నింటి పద్ధతి ఒకటే. అక్కడివాళ్లందరికీ చిన్ననాటి నుంచి తెలిసిన పాత బాణీ ఒకటి తీసుకుని కొత్త మాటలు కూరుస్తారు. ఒకరు రాసిన పాటను మరో ఊరివాళ్లు తమకు కావలసినట్టు మార్చుకుని పాడుకోవచ్చు, అడ్డు చెప్పేవాళ్లుండరు. మనకు ఇది కొత్త కాదు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే బాణీల్లో ఎన్ని తరాల కష్టాలు ఇమిడాయో తెలంగాణ వాళ్లకు చెప్పనక్కరలేదు. మోటూరి ఉదయం నాయకత్వంలో ఆడవాళ్ల బుర్రకథ దళం ఊళ్లకు వెళ్లిన రోజుల్లో కూడా జనానికి తెలిసిన దరువులోనే కొత్త కథ చెప్పారు. బాణీ తెలిసినది కావడం వల్ల వినేవాళ్లు రెండో చరణానికే గొంతు కలుపుతారు, గొంతు కలిపాక ఆ మాటలు వాళ్లవి కూడా అవుతాయి. మొదటి వారం నా పక్కన స్ట్రాబెర్రీ పళ్లు కొనుక్కుని వచ్చిన ఒక పెద్దమనిషి మాటలు నచ్చక ముఖం చిట్లించి కూడా, బాణీ చిన్ననాటిది కావడం వల్ల కాబోలు, కాలితో తాళం వేస్తూనే ఉన్నాడు.

మగపెళ్లివారిని పేరు పెట్టి ఎంత మాట అన్నా పాటలో అంటే కోపగించుకోకూడదన్నది మన పెళ్లిళ్ల మర్యాద. పాట మీద పెట్టిన తిట్టుకు శిక్ష లేదు. ఈ అమ్మమ్మలు అలాంటి మర్యాదనే పాలకుల దగ్గర సంపాదించుకున్నారు, లేదా సంపాదించుకోవడానికి ప్రయత్నిస్తున్నారు. ఇరాక్ యుద్ధం నాటి ముచ్చట ఒకటుంది. 2005లో అరిజోనా రాష్ట్రం టూసాన్ నగరపు రేజింగ్ గ్రానీలు సైన్యపు భర్తీ కేంద్రానికి వెళ్లి, తమను సైన్యంలో చేర్చుకుని ఇరాక్ పంపితే పిల్లలూ మనవలూ ఇంటికి తిరిగి వస్తారని చెప్పారు. కేసు పెట్టారు, తర్వాత ఎత్తేశారు. అదే సంవత్సరం అక్టోబరు 17న న్యూయార్కులో ఇదే బాటలో నడిచిన 18 మందిని టైమ్స్ స్క్వేర్ భర్తీ కేంద్రం దగ్గర అరెస్టు చేశారు, వాళ్లలో తొంభై ఏళ్ల ఆవిడ కూడా ఉన్నారు; మరుసటి ఏడాది ఏప్రిల్‌లో న్యాయస్థానం అందరినీ నిర్దోషులని వదిలిపెట్టింది. అంతకుముందు 2005 మాతృ దినోత్సవం నాడు శాక్రమెంటోలో వాళ్లు పాల్గొన్న యుద్ధ వ్యతిరేక సభ మీద కాలిఫోర్నియా నేషనల్ గార్డు కన్ను వేసి ఉంచిందని బయటపడి పెద్ద గొడవ జరిగింది. శాలువలు కప్పుకున్న అమ్మమ్మల మీద సైనికులు నిఘా పెట్టారంటే ఆ పాటలు తగలవలసిన చోట తగిలాయనే నేను అనుకుంటాను.

ఇక నచ్చనివి. మొదటిది వినికిడి. ఉన్న ఒక్క చేతి మైకు చేతులు మారుతూ ఉంటుంది. మైకు అందని వాళ్ల మాటలు మూడో వరసకు చేరవు, టోపీల అంచులు కిందికి దిగి నోటి కదలిక కూడా కనిపించనివ్వవు. చూడవచ్చేవాళ్లలో చెవి మందగించినవాళ్లు తక్కువేమీ ఉండరు కనుక ఇది చిన్న లోపం కాదు. పాటల కాగితాలు పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి పంచుతారు, అది మంచి పని. కానీ మూడు వారాల్లో రెండు వారాలు నా దాకా వచ్చేసరికి కాగితాలు అయిపోయాయి.

రెండో నాటిక ప్లాస్టిక్ గురించి మొదలై, నీళ్ల గురించి నడిచి, ఓటు వేయమని చెప్పి ముగుస్తుంది. ఐదు నిమిషాల్లో మూడు విషయాలు చెప్పాలన్న తొందరలో ఒక్కటీ నిలవలేదు. వేలంపాటలో మాటలు తక్కువ, వస్తువులు ఎక్కువ. ఇందులో అన్నీ మాటలే. అదే చేతులు రెండూ చేశాయంటే నమ్మడం కష్టం.

మూడోది నన్ను నిజంగా బాధపెట్టింది. ఒక పాటలో తమ మతిమరుపును తామే వెక్కిరించుకుంటారు. కళ్లద్దాలు తల మీద పెట్టుకుని వెతుక్కోవడం, మనవడి పేరు మరిచిపోవడం వంటివి. జనం బాగా నవ్వారు. మా అమ్మ ఆఖరి నాలుగేళ్లు నన్నే ఎవరమ్మా నువ్వు అని అడుగుతూ వెళ్లిపోయింది. లోకం తమను చూసే చిన్నచూపును తొడుక్కుని దాన్నే ఎదురు తిప్పడం ఈ వేషం బలమని పైన రాశాను. ఆ పాటలో మాత్రం తిప్పడం లేదు, తొడుక్కోవడమే ఉంది. ప్రదర్శన అయ్యాక గరిటె పట్టుకున్న ఆవిడతో ఆ మాట చెప్పాను. ఆవిడ అడ్డు చెప్పకుండా అంతా విని, తమలోనూ ఇద్దరికి ఆ పాట నచ్చదని చెప్పింది. మూడో వారం ఆ పాట పాడలేదు. నా మాట వల్లేనని నేను అనుకోవడం లేదు, కానీ పాడలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. పదకొండు మందిలో తెల్లవాళ్లు కానివాళ్లు ఇద్దరే. ఆ సంతలో కూరగాయలు కొనేవాళ్లలో మనవాళ్లు, చైనా వాళ్లు, మెక్సికో వాళ్లు సగానికి పైగా కనిపిస్తారు. వాళ్లలో ఎందరో అమ్మమ్మలు పిల్లల బండి తోసుకుంటూ ఆ మూల దాటి వెళతారు, ఇది తమ కోసం కాదేమో అన్నట్టు. బాణీలన్నీ ఆ దేశపు చిన్ననాటివి కావడం ఒక కారణం. ఆ బాణీ తెలియనివాళ్లకు సగం విందే అందుతుంది. ఐదో పాట జనానికి ఎందుకంత నవ్వు తెప్పించిందో ఇంటికి వచ్చాక మా మనవరాలు నాకు వివరించవలసి వచ్చింది.

చూడదలచినవాళ్లకు ఉపయోగపడే మాటలు కొన్ని. నీడ ఉండదు, కుర్చీలు ఉండవు. మడత కుర్చీ ఒకటి, మంచినీళ్లు, తలకు ఏదైనా తీసుకువెళ్లండి. ముందు వరసలో కుడివైపు నిలబడితే వేలంపాట బాగా కనిపిస్తుంది. పదేళ్లు దాటిన పిల్లలకు అర్థమవుతుంది, అంతకన్నా చిన్నవాళ్లకు టోపీలు చాలు. మీ సంఘానికో గ్రంథాలయానికో రమ్మని పిలిస్తే ఈ బృందం వస్తుంది, డబ్బు తీసుకోదు. ఏ విషయం మీద పాడాలో ముందే అడుగుతుంది, మెట్లు ఎన్ని ఉన్నాయో కూడా అడుగుతుంది. మన సంఘాల సంక్రాంతి సంబరాల్లో సినిమా పాటల నృత్యాలకు మూడు గంటలు కేటాయించేవాళ్లు వీళ్లకు నలభై నిమిషాలు ఇవ్వవచ్చు. సందర్శకులుగా వచ్చిన పెద్దవాళ్లు మాత్రం వీధి ప్రదర్శనలో పాల్గొనే ముందు ఇంట్లో పిల్లలతో మాట్లాడుకోవడం మంచిది. మా అమ్మాయి భయం మా అమ్మాయిది. అందుకే నేను మూడు వారాలూ చూసేవాళ్లలోనే నిలబడ్డాను.

అయితే సాధనకు వెళ్లడానికి మా అమ్మాయి ఏమీ అనలేదు. మూడో ఆదివారం తర్వాత గరిటె ఆవిడ నన్ను పిలిచింది. గ్రంథాలయం వెనక గదిలో గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చుని, ఏ మాట ఉంచాలో ఏది తీయాలో అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటారు. ఒక్క చరణానికి ముప్పావు గంట పట్టింది. మీ ఊళ్లో ఆడవాళ్లు తిట్టడానికి పాడే పాటలు ఉన్నాయా అని పెద్దావిడ నన్ను అడిగింది. మా మనవరాలు ఆ ప్రశ్నను తెలుగులో చెబుతుండగానే నాకు అర్థమైంది. మగపెళ్లివారు పంక్తిలో కూర్చున్నప్పుడు మా అమ్మ పాడే పాట ఒకటి పాడాను. ఆరేళ్ల తర్వాత పాడాను, రెండో చరణం దగ్గర గొంతు పట్టింది. వాళ్లు ఆగారు, నీళ్లిచ్చారు, మళ్లీ మొదటి నుంచి పాడమన్నారు.

బాణీ వాళ్లకు నచ్చింది. పల్లవిని తెలుగులోనే ఉంచి, చరణాల్లో అద్దెలు పెంచే ఇంటి యజమానులను వియ్యంకులుగా చేసి ఇంగ్లీషులో రాద్దామని తేల్చారు. ఇంట్లో నాతో ఇంగ్లీషులోనే జవాబు చెప్పే మా మనవరాలు, తెల్లబోర్డు దగ్గర నిలబడి, నాలుక పైకి మడవాలి అని చూపిస్తూ, పదకొండు మంది అమ్మమ్మలకు ‘ళ’ పలకడం నేర్పింది. 88 ఏళ్ల ఆవిడకు అది నాలుగోసారి పలికింది.